మధ్యలో ఏముంది?

(ఒంగోలులో సినిమా మీద ఆసక్తి ఉన్న విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. కెమెరా గురించి మాట్లాడమని పిలిచారు. నేను మాత్రం పెళ్లి ఆల్బమ్‌తో మొదలుపెడతాను. సినిమా పిచ్చి పట్టకముందు నెల్లూరులో ఆరేళ్లు పెళ్లిళ్లకు ఫోటోలు తీశాను. గ్రూప్ ఫోటో అనగానే స్టేజీ మీద ఎంత గోలో మీకు తెలుసు. అందరూ సర్దుకుని నిలబడ్డాక చూస్తే ఒక పెదనాన్న చివర్లో, సగం భుజం ఫ్రేమ్ బయటికి పోయేలా ఉంటాడు. "కొంచెం లోపలికి జరగండి పెదనాన్నా" అంటే "పర్లేదులే, తియ్యి" అంటాడు. పొలం గట్టు దగ్గర తగాదా అని తర్వాత ఎవరో చెబుతారు. ఆల్బమ్ ఇంటికి వచ్చాక ఆడవాళ్లు ముందు పట్టుకునేది అదే. "చూడమ్మా, యాడ నిలబడ్డాడో!" అని. ఫ్రేమింగ్‌లో నాకు తెలిసినదాంట్లో సగం వాళ్ల దగ్గర నేర్చుకున్నదే.

ఫ్రేమ్‌ని అడ్డంగా, నిలువునా మూడేసి భాగాలు చేసే మూడో వంతు గీతలు మీ ఫోన్‌లోనే ఉన్నాయి, వాటి మీద ఉపన్యాసం అక్కర్లేదు. ఇద్దరు మనుషుల్ని షాట్‌లో పెట్టేటప్పుడు నేను వేసుకునే ప్రశ్న ఒకటే. వాళ్ల మధ్య ఏముంది?

ఈ ప్రశ్న నాకు ఊరికే తట్టలేదు, చెయ్యి కాలాకే తట్టింది. నా మొదటి షార్ట్ ఫిల్మ్ బుచ్చిరెడ్డిపాళెంలో, మా మేనత్త వాళ్ల పాత మిద్దెలో తీశాను. పెద్దగా మాట్లాడని నాయన, చెన్నై వెళ్లిపోతున్న కొడుకు. ఇద్దరూ పోట్లాడుకోవడానికి రెండు పేజీల డైలాగులు రాశాను. నాయనని వీధి వైపు నుంచి తీశాను. కొడుకు వంతు వచ్చేసరికి పెరటి వైపు వెలుతురు బాగుందని కెమెరా అటు మార్చాను. ఎడిటింగ్‌లో చూస్తే ఇద్దరూ కుడి వైపుకే చూస్తున్నారు! అత్తకి చూపిస్తే, "ఏందిరా, ఇద్దరూ ఎవరికోసమో ఎదురుచూస్తన్నారు?" అంది. ఎదురెదురుగా ఉన్న ఇద్దరి మధ్య ఒక గీత ఉందనుకోండి. కెమెరా దానికి ఒకవైపే ఉంటే వాళ్ల చూపులు కలుస్తాయి. 180 డిగ్రీల రూల్ అనేది దాన్నే. తెలిసి దాటితే అదొక ఎత్తుగడ. నేను తెలియక దాటాను.

మళ్లీ తీయడానికి డబ్బుల్లేవు, ఒక్క పూట మాత్రం ఉంది. దాంతో అంతా ఒకే షాట్‌లో పెట్టాను. వసారా చివర కెమెరా. మధ్యలో చెక్క స్తంభం, ఫ్రేమ్‌ని నిలువునా రెండుగా కోసినట్టు. ఎడమ వైపు మడత కుర్చీలో నాయన. కుడి వైపు కొడుకు, కాలి దగ్గర బ్యాగు. అమ్మ వంటింట్లోంచి మజ్జిగ గ్లాసు తెచ్చి కొడుక్కిచ్చి, వెళ్లి నాయన పక్కన నిలబడుతుంది. ఒక్క అడుగుతో ఫ్రేమ్ బరువంతా ఎడమకి ఒరిగింది. ఇప్పుడు వీడు ఒంటరి. మజ్జిగ తాగి ఖాళీ గ్లాసు స్తంభం మొదట్లో పెట్టాడు. ఇంట్లో ఏనాడూ ఎంగిలి గ్లాసు తియ్యని నాయన వంగి, స్తంభం అవతలికి చెయ్యి చాచి ఆ గ్లాసు అందుకున్నాడు. రెండు పేజీల డైలాగులూ ఆ సాయంత్రమే కొట్టేశాను.

ఈ విద్యలో పెద్దవాళ్ల పని చూడాలంటే 1941 నాటి 'సిటిజన్ కేన్' చూడండి. ఆర్సన్ వెల్స్ దర్శకుడు, గ్రెగ్ టోలండ్ కెమెరామన్. తల్లి బల్ల దగ్గర కూర్చుని కొడుకును పరాయివాళ్లకు అప్పగించే కాగితాల మీద సంతకం పెడుతుంటుంది. వెనక దూరంగా కిటికీలోంచి, మంచులో ఆడుకుంటున్న ఆ పిల్లాడు చిన్నగా కనిపిస్తాడు. దగ్గరున్నవాళ్లూ, దూరంగా ఉన్నవాడూ అంతా స్పష్టంగానే ఉంటారు. బతుకు ఎవరిదో వాడికే ఆ గదిలో చోటు లేదు. ఆ మాట ఎవరూ నోటితో అనరు.

లెన్స్ సంగతి త్వరగా చెప్పేస్తాను. దూరం నుంచి టెలీ లెన్స్‌తో, అంటే దూరాన్ని దగ్గరగా చూపించేదాంతో తీస్తే పది అడుగుల ఎడంలో ముందు వెనకలుగా ఉన్న ఇద్దరు ఒకరికొకరు అతుక్కున్నట్టు కనిపిస్తారు. దగ్గరికెళ్లి వైడ్‌తో, అంటే ఎక్కువ మేర పట్టే లెన్స్‌తో తీస్తే నాలుగడుగులే వీధంత అవుతుంది. మీ ఫోన్ కెమెరాలో పాయింట్ ఫైవ్ (0.5x) ఉంటే అదే వైడ్, అది నొక్కి హాస్టల్ రూమ్‌లో చూసుకోండి.

తెర వెడల్పు కూడా లెక్కే. తెలుగులో మొదటి సినిమాస్కోప్ (బాగా వెడల్పు తెర) చిత్రం 1974లో వచ్చిన 'అల్లూరి సీతారామరాజు'. తెర అంత వెడల్పయితే ఇద్దర్ని రెండు చివర్లా పెట్టి మధ్యలో ఖాళీ వదలొచ్చు, ఆ ఖాళీయే మాట్లాడుతుంది. మీ రీల్స్‌లో అది కుదరదు. ఫోన్ నిలువుగా పట్టుకుంటే ఇద్దరు పక్కపక్కన పట్టరు, ఒకరు ముందు, ఒకరు వెనక ఉండాల్సిందే. నేను మొదట విసుక్కున్నాను. తర్వాత చూస్తే, వెనకున్న మనిషి ముఖం మనకి తెలిసి ముందున్నవాడికి తెలియకపోవడం నిలువు ఫ్రేమ్‌లోనే బాగా కుదురుతుంది.

కింద నుంచి తీస్తే గొప్ప, పైనుంచి తీస్తే లోకువ అని పాఠాల్లో చెబుతారు. చీమకుర్తి గ్రానైట్ క్వారీలో అది నిజమే కావచ్చు. పై మెట్టు మీద మేస్త్రీ, అడుగున కూలీ, రాయే ఆ ఎత్తుపల్లం కట్టేసింది, కెమెరా ఊరికే నిలబడితే చాలు. కానీ పొద్దుపోయాక మిద్దె మీద నుంచి అమ్మ వీధిలోకి చూస్తుంటే, ఆ పైచూపులో వస్తున్న కొడుకు లోకువా? ఆ ఎత్తు ఆమె పెత్తనం కాదు, ఎంతసేపటి నుంచి చూస్తోందో చెబుతోంది. అందుకే సూత్రం కన్నా ముందు ఎవరి చూపో తేల్చుకోండి.

మా పిల్లాడు ల్యాప్‌టాప్ సర్దుతున్నాడు. మజ్జిగ గ్లాసు షాట్ వేస్తాను, సౌండ్ లేకుండా. నాయన చెయ్యి గురించి చెప్పేశాను కాబట్టి ఈసారి అమ్మని చూడండి, ఆయన వంగినప్పుడు ఆమె ఎటు జరుగుతుందో. ఆ ట్యూబ్‌లైట్ ఆపండి నాన్నా.