కంపెనీకి తెలిసింది, ఊరికి చెప్పనిది

మిత్రులందరికీ నమస్కారం.

లాభం సంపాదించడం తప్ప కంపెనీలకు సమాజం పట్ల, ప్రకృతి పట్ల వేరే బాధ్యత ఉందా? ఈరోజు నన్ను మాట్లాడమన్న విషయం ఇది. నా జవాబు ముందే చెప్పేస్తాను. ఉంది. అయితే మనం మామూలుగా దాన్ని వెతికే చోటు వేరు, అది ఉండే చోటు వేరు. బడి కట్టించారా, మొక్కలు నాటారా, వరదలొచ్చినప్పుడు చెక్కు ఇచ్చారా అని మనం చూస్తాం. అసలు ప్రశ్న అంతకంటే చాలా ముందు, ఫ్యాక్టరీ గోడల లోపలే పుడుతుంది.

ముందు అవతలివాళ్ల మాట విందాం. తేలిగ్గా తీసిపారేసే మాట కాదది. 1970 సెప్టెంబర్ 13న న్యూయార్క్ టైమ్స్ వారి ఆదివారం పత్రికలో ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ ఒక వ్యాసం రాశారు. వ్యాపారానికున్న సామాజిక బాధ్యత లాభాలు పెంచుకోవడమే అని ఆయన వాదన. మేనేజర్ అంటే వాటాదారుల దగ్గర పనిచేసే ఉద్యోగి. అతను తనకు మంచిదనిపించిన పనికి కంపెనీ డబ్బు ఖర్చుపెడితే, ఆ డబ్బు వాటాదారుల డివిడెండ్‌లోంచో, కార్మికుల జీతంలోంచో, సరుకు కొనేవాళ్ల జేబులోంచో రావాలి. అంటే ఎవరూ ఓటేసి ఎన్నుకోని మనిషి జనం మీద పన్ను వేసి, ఆ పన్ను తన ఇష్టప్రకారం పంచుతున్నాడన్నమాట. ఇందులో నిజం ఉంది. పరాయి సొమ్ముతో దాత అనిపించుకోవడాన్ని నేనూ మెచ్చుకోను.

కానీ ఫ్రీడ్‌మన్ ఒక షరతు కూడా పెట్టారు. ఆట నియమాలకు లోబడి, మోసం దగా లేకుండా లాభం సంపాదించాలన్నారు. ఆయన పేరు చెప్పుకునేవాళ్లు చాలామంది ఈ సగం వదిలేస్తారు. నా పేచీ కూడా ఈ సగంతోనే. నియమాలు ఎప్పుడు పుడతాయి? ఫలానా పని ప్రమాదం అని ప్రభుత్వానికి తెలిశాక. ప్రభుత్వానికి ఎప్పుడు తెలుస్తుంది? చాలాసార్లు మనుషులు చచ్చిపోయాక. మరి అందరికంటే ముందు ఎవరికి తెలుస్తుంది? ఆ పని చేస్తున్న కంపెనీకి. కంపెనీకి తెలిసే రోజుకీ చట్టానికి తెలిసే రోజుకీ మధ్య కొన్ని నెలలు ఉండొచ్చు, కొన్ని దశాబ్దాలు ఉండొచ్చు. ఆ మధ్యకాలంలో కంపెనీ ఏం చేసిందన్నదే నా దృష్టిలో బాధ్యతకు అసలు పరీక్ష. ఆ కాలంలో దాన్ని ఆపేందుకు నియమమంటూ ఏదీ ఉండదు.

జపాన్‌లో మినమాత అనే ఊరి సంగతి చెబుతాను. కొంచెం వివరంగానే చెబుతాను, ఎందుకంటే ఈ విషయం నాకు అర్థమైంది ఆ ఊరి కథ చదివాకే. సముద్రం ఒడ్డున ఊరు. చేపలు పట్టుకుని బతికే కుటుంబాలు. అక్కడ చిస్సో అనే రసాయనాల కంపెనీ 1932 నుంచి ఎసిటాల్డిహైడ్ తయారుచేసేది. ఆ తయారీలో పాదరసం వాడతారు. అందులో కొంత మిథైల్ మెర్క్యురీ అనే విషంగా మారి, వ్యర్థజలాలతో కలిసి సముద్రంలోకి పోయేది. నీళ్లలోంచి చేపల్లోకి, గవ్వల్లోకి, వాటిని తిన్న మనుషుల మెదడులోకి చేరేది. ముందు పిల్లులకు పిచ్చెక్కినట్టయింది. ఒళ్లు వణికి, గిరగిరా తిరిగి పడిపోయేవి. తర్వాత మనుషులు. 1956 ఏప్రిల్‌లో అయిదేళ్ల పాపను ఆసుపత్రికి తీసుకొచ్చారు. నడక తడబడుతోంది, మాట తడబడుతోంది. ఆ ఆసుపత్రి ఆ కంపెనీదే. అక్కడి పెద్ద డాక్టర్ హజిమె హొసొకవ. అంతుబట్టని జబ్బు ఒకటి వచ్చిందని మే 1న ఆరోగ్య శాఖకు చెప్పింది ఆయన ఆసుపత్రే.

ఆయన అంతటితో ఊరుకోలేదు. పిల్లుల మీద ప్రయోగాలు మొదలుపెట్టారు. 1959లో ఫ్యాక్టరీ నుంచి వచ్చే వ్యర్థజలాన్ని నేరుగా మేతలో కలిపి ఒక పిల్లికి పెట్టించారు. ప్రయోగాల లెక్కలో దాని నంబరు 400. అక్టోబర్ నాటికి ఆ పిల్లికి అవే లక్షణాలు వచ్చాయి. వణుకు, చొంగ, గిరగిరా తిరగడం. ఇక సందేహించడానికేమీ లేదు. డాక్టర్ ఆ సంగతి కంపెనీవాళ్లకు చెప్పారు. వాళ్లు ప్రయోగాలు ఆపమన్నారు. ఫలితం ఆ గోడలు దాటి బయటికి రాలేదు.

అదే ఏడాది డిసెంబర్‌లో కంపెనీ రెండు పనులు చేసింది. నీటిని శుభ్రం చేసే యంత్రం పెట్టి, దాన్ని అందరికీ చూపించింది. ఆ యంత్రం పాదరసాన్ని తొలగించేది కాదు. రెండోది, బాధితుల కుటుంబాలతో ఒక ఒప్పందం రాయించుకుంది. ఆ డబ్బుకు పెట్టిన పేరు నష్టపరిహారం కాదు, పరామర్శ సొమ్ము. ఇంట్లో మనిషి పోతే పలకరించడానికి వచ్చి చేతిలో పెట్టే డబ్బు లాంటిది. కాగితంలో ఒక షరతు ఉంది: రేపెప్పుడైనా ఈ జబ్బుకు మా ఫ్యాక్టరీ నీళ్లే కారణమని తేలినా, మీరు మళ్లీ పరిహారం అడగకూడదు. పిల్లి ప్రయోగం ఫలితం కంపెనీ దగ్గరే ఉంది. సంతకాలు పెడుతున్న జాలర్లకు ఆ సంగతి తెలియదు. ఆ షరతును నేను ఎన్నిసార్లు చదివినా మనసు రగిలిపోతూనే ఉంటుంది.

ఆ పాదరసం పద్ధతి ఆపింది 1968 మేలో. అంటే పిల్లి చెప్పిన తర్వాత ఇంకో ఎనిమిదిన్నరేళ్లు విషం సముద్రంలోకి పోతూనే ఉంది. అదే ఏడాది సెప్టెంబర్‌లో గానీ ప్రభుత్వం కారణాన్ని ఒప్పుకోలేదు. కడుపులో ఉండగానే తల్లి ద్వారా విషం సోకి, జబ్బుతో పుట్టిన పిల్లలూ ఉన్నారు. ప్రభుత్వం అధికారికంగా గుర్తించిన బాధితులే రెండు వేలకు పైగా.

దానానికీ బాధ్యతకూ తేడా ఆ కాగితంలోనే కనిపిస్తుంది. దానం లాభం చేతికొచ్చాక మొదలవుతుంది. ఎంత ఇవ్వాలో, ఎవరికివ్వాలో, ఎప్పుడు ఆపాలో ఇచ్చేవాడి ఇష్టం. పుచ్చుకునేవాడు దండం పెట్టాలి. బాధ్యత మాత్రం ఆ లాభం ఎలా వచ్చిందని అడుగుతుంది. అడిగే హక్కు అవతలివాడిది.

భారతదేశం 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్‌తో, ఒక స్థాయి దాటిన కంపెనీలు గడిచిన మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చుపెట్టాలని నియమం పెట్టింది. సీఎస్ఆర్, అంటే కంపెనీల సామాజిక బాధ్యత, అనగానే అందరికీ గుర్తొచ్చేది ఇదే. దీనివల్ల మంచి జరగలేదని నేననను. కానీ ఆ నిబంధనల ప్రకారం, కంపెనీ తన రోజువారీ వ్యాపారంలో భాగంగా చేసే పని ఈ లెక్కలోకి రాదు. అది సరైనదే, సొంత మురుగు శుభ్రం చేసుకోవడం ఎవరికీ సేవ కాదు కదా. నా భయమల్లా, 2 శాతం కట్టేశాం కాబట్టి మన వంతు అయిపోయిందన్న ధోరణి పెరుగుతుందని. అదే చట్టంలో 166వ సెక్షన్ ఇంకా పెద్ద మాట చెబుతుంది. డైరెక్టర్లు వాటాదారులతో పాటు ఉద్యోగుల, సమాజపు మేలు, పర్యావరణ రక్షణ దృష్టిలో పెట్టుకుని పనిచేయాలంటుంది. 135 గురించి లెక్కలేనన్ని సదస్సులు జరిగాయి. 166 గురించి మాట్లాడినవాళ్లు నాకు అరుదుగా కనిపించారు.

కంపెనీ సమాజానికి ఎందుకు బాకీపడుతుందని కొందరు అడుగుతారు. కంపెనీ బోర్డు మీద పేరు చివర ఒక మాట ఉంటుంది, చూడండి: లిమిటెడ్. బాధ్యత పరిమితం అని దానర్థం. కంపెనీ దివాలా తీస్తే వాటాదారుడు పెట్టిన డబ్బు మాత్రమే పోతుంది. అప్పులవాళ్లు వచ్చి అతని ఇల్లు వేలం వేయలేరు. మామూలు మనిషి అప్పు చేస్తే ఈ రక్షణ ఉండదు. బ్రిటన్ 1855లో చట్టం చేసి కంపెనీలకు ఈ వరం ఇచ్చింది. దాన్ని సమాజం ఇచ్చింది. పెద్ద పనులకు జనం ధైర్యంగా పెట్టుబడి పెడతారని, అందరికీ మేలు జరుగుతుందని ఇచ్చింది. నష్టంలో కొంత భాగం సమాజం తన నెత్తిన వేసుకోవడానికి ఒప్పుకున్నప్పుడు, ఆ నష్టం ఏమిటో ముందుగా తెలుసుకునే హక్కు దానికి లేదంటే ఎలా?

2013 ఏప్రిల్ 23న బంగ్లాదేశ్‌లో ఢాకా దగ్గర రాణా ప్లాజా అనే ఎనిమిది అంతస్తుల భవనంలో పగుళ్లు కనిపించాయి. కింద ఉన్న బ్యాంకు తన ఉద్యోగులను రావద్దంది. దుకాణాలు మూసేశారు. పైన బట్టలు కుట్టే ఫ్యాక్టరీల కార్మికులను మాత్రం మర్నాడు పనికి రమ్మన్నారు. ఆర్డర్లు టైముకి వెళ్లాలన్న టెన్షన్. 24 ఉదయం భవనం కూలింది. 1,100 మందికి పైగా చనిపోయారు. ఒకే భవనం, అవే పగుళ్లు, అందరూ కళ్లతో చూసినవే. అక్కడ కుట్టిన బట్టలు అమ్ముకునే విదేశీ బ్రాండ్లలో కొన్ని, ఆ ఫ్యాక్టరీలు మావి కావు, ఆ కార్మికులు మా ఉద్యోగులు కారు అన్నాయి. కాగితం మీద అది నిజమే. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు పంచుకుంటూ పోతే చివరికి ఎవరి చేతిలోనూ ఏమీ మిగలదు.

ఆ తర్వాత జరిగింది కూడా చెప్పాలి. కార్మిక సంఘాలతో కలిసి బ్రాండ్లు ఒక ఒప్పందం మీద సంతకం చేశాయి. రెండు వందలకు పైగా బ్రాండ్లు చేరాయి. ఇందులో నాకు నచ్చినవి రెండున్నాయి. అది కోర్టులో నిలబడే ఒప్పందం. భవనాల తనిఖీ నివేదికలు అందరికీ కనిపించేలా బయటపెట్టారు. పగులు ఎక్కడుందో ఇప్పుడు కార్మికుడు కూడా చదువుకోవచ్చు. 2017లో ఫ్రాన్స్ ఇంకో అడుగు వేసి, పెద్ద కంపెనీలు తమ సబ్ కాంట్రాక్టర్ల దగ్గర జరిగే హానిని కూడా ముందుగా గుర్తించి ఆపే ప్లాన్ ప్రకటించాలని చట్టం చేసింది.

పోటీదారు మురుగును ఊరికే వదిలేస్తుంటే నేనొక్కణ్ణి శుభ్రం చేస్తే మునిగిపోనా అని ఒక వ్యాపారి నన్ను అడిగారు. నిజాయితీగా అడిగిన ప్రశ్న. అందుకే చట్టం అందరికీ ఒకేలా ఉండాలి. కానీ ఆ చట్టం రాకుండా అడ్డుపడేదెవరన్నది కూడా చూడాలి. ఎక్సాన్ అనే అమెరికా చమురు సంస్థ సొంత శాస్త్రవేత్తలు 1970ల చివరి నుంచే భూమి ఎంత వేడెక్కుతుందో లెక్కలు వేశారు. ఆ అంచనాలు చాలావరకు నిజమయ్యాయని 2023లో సైన్స్ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. లోపల ఆ లెక్కలు పెట్టుకుని, బయట మాత్రం శాస్త్రం ఇంకా తేలలేదని ఆ సంస్థ ఏళ్ల తరబడి చెప్పింది. చట్టాన్ని ఆలస్యం చేసినవాళ్లు చట్టం లేదు కదా అనడం ఎలా చెల్లుతుంది?

తెలిసిన వెంటనే కదిలినవాళ్లూ ఉన్నారు. 1982లో షికాగో ప్రాంతంలో ఎవరో దుర్మార్గుడు టైలెనాల్ అనే నొప్పి మాత్రల సీసాల్లో సైనైడ్ కలిపాడు. ఏడుగురు చనిపోయారు. తప్పు కంపెనీది కాదు. అయినా వాటిని అమ్మే జాన్సన్ అండ్ జాన్సన్ దేశమంతటి నుంచి సుమారు 3 కోట్ల 10 లక్షల సీసాలు వెనక్కి తెప్పించింది. మందు వాడొద్దని తనే జనాన్ని హెచ్చరించింది. తెలిసింది చెప్పెయ్యడం అసాధ్యమేమీ కాదనడానికే ఈ ఉదాహరణ చెబుతున్నాను.

రేపు మీలో చాలామంది కంపెనీల్లో చేరతారు. కొందరు ల్యాబ్‌లో, కొందరు అకౌంట్స్‌లో, కొందరు నాణ్యత చూసే విభాగంలో ఉంటారు. ఏదో ఒకరోజు 400వ నంబరు పిల్లి లాంటి రిపోర్టు మీ టేబుల్ మీదికి వస్తుంది. దాని గురించే నేను హొసొకవ సంగతి చివరిదాకా చెప్పదలిచాను.

ఆయన చాలా ఏళ్లు మౌనంగా ఉన్నారు. 1962లో ఉద్యోగం వదిలేశారు. బాధితులు కోర్టుకెక్కాక, 1970 జులైలో, క్యాన్సర్‌తో ఆసుపత్రి మంచం మీద ఉండి సాక్ష్యం చెప్పారు. ఆ ప్రయోగం ఎప్పుడు చేశారో, ఏం తేలిందో, ఎవరికి చెప్పారో మొత్తం చెప్పారు. ఫ్రీడ్‌మన్ వ్యాసం అచ్చయింది ఆ సెప్టెంబర్‌లో. అక్టోబర్‌లో డాక్టర్ చనిపోయారు. 1973 మార్చిలో కుమమొతో కోర్టు తీర్పు వచ్చింది. కంపెనీదే తప్పని తేల్చింది. పరామర్శ సొమ్ము పేరుతో రాయించుకున్న ఆ కాగితం చెల్లదంది.