గుడ్డు ఏమైంది? బడిలో జరిగే నవ్వుల మిస్టరీ నవల రాసే పద్ధతి

అందరికీ నమస్కారం.

పిల్లల మిస్టరీ నవల రాసేవాళ్లు ముందు నేరం ఎంతదో తేల్చుకోవాలి. హత్యలూ కిడ్నాపులూ అక్కర్లేదు. మధ్యాహ్న భోజనంలో ఒక్క గుడ్డు తగ్గితే చాలు, పదేళ్ల పాఠకుడికి అది పెద్ద కేసే.

దాన్నే తీసుకుందాం. హాజరు 60. ఆయమ్మ ఉడికించినవి 60. అయినా ప్రతి మంగళవారం వరుసలో చివరి పిల్లకు గుడ్డు ఉండదు. జవాబు ముందే రాసిపెట్టుకుని వెనక్కి నడవండి. ఇక్కడ దొంగే లేడు. మంగళవారం ఊళ్లో సంత. అమ్మకు కూరగాయల కొట్టు సర్దిపెట్టి ఒక అబ్బాయి హాజరు వేశాక వస్తాడు. లెక్కలో లేడు, వరుసలో ఉన్నాడు. తలలు లెక్కపెట్టాలని ఎవరికీ తట్టకపోవడానికి కారణమూ ఉంది: గుడ్డు పోయిందనగానే అందరూ దొంగనే వెతుకుతారు.

1929లో ఇంగ్లిష్ రచయిత రోనాల్డ్ నాక్స్ డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాశారు. దొరికిన ప్రతి ఆధారాన్నీ పాఠకుడికి చూపించాలని ఒకటి, అదృష్టం కలిసొచ్చి చిక్కు విడిపోకూడదని ఇంకొకటి. పిల్లలు ఈ రెండు విషయాల్లో పెద్దలకన్నా కచ్చితంగా ఉంటారు. మరి చూపిస్తూనే దాచడం ఎలా? నవ్వులో దాచాలి. రెండో అధ్యాయంలో ఆ అబ్బాయి గుమ్మం దగ్గర నిలబడి "గేదె అడ్డం పడుకుంది సార్, లేవనంది" అంటాడు. చొక్కా కాలర్‌లో కొత్తిమీర రెమ్మ. క్లాసంతా గేదె గురించి నవ్వుతుంది, పాఠకుడూ నవ్వుతాడు, రెమ్మ దృష్టిలోంచి జారిపోతుంది. నాలుగో అధ్యాయంలో కాలర్‌లో కరివేపాకు. ఏడో అధ్యాయంలో సంత ఏ రోజో మాటల్లో తెలియాలి. మూడుసార్లకు తక్కువైతే మోసం చేసినట్టుంటుంది.

కథతో ముడిపడని జోకు ఎంత బాగున్నా తీసేయండి. లావు, నత్తి, రంగు మీద హాస్యం వద్దే వద్దు. చదివే పిల్లల్లో అలాంటి పిల్లాడూ ఉంటాడు.

అనుమానితులు నలుగురు చాలు. బడి గంటను బాగా వాడుకోండి: పరిశోధనకు దొరికేది ఇంటర్వెల్లూ భోజనం వేళా మాత్రమే. సాక్షి నోరు తెరవబోతుండగా గంట మోగితే అధ్యాయం ముగిసినట్టే.

చిక్కు మాత్రం పిల్లలే విప్పాలి. హెడ్మాస్టరు వచ్చి తేల్చేస్తే అంతవరకు చదివింది వృథా. కొట్టు సంగతి క్లాసులో చాటించి ఆ అబ్బాయిని తలదించుకునేలా చేయకండి. చివరి అధ్యాయంలో డిటెక్టివ్ పిల్ల వంటగదికి వెళ్లి, "ఆయమ్మా, మంగళవారం ఇంకోటి ఎక్కువ వెయ్యి" అంటే సరిపోతుంది.