రాత్రి పదింటిదాకా కూర్చుంటే ప్రమోషన్ వస్తుందా?

[దృశ్యం: రాయదుర్గం మెట్రో స్టేషన్, రాత్రి. ల్యాప్‌టాప్ బ్యాగులతో మెట్లెక్కుతున్న జనం]

పొద్దున పదింటికి స్టాండప్, అంటే టీమ్ రోజువారీ చిన్న మీటింగ్. రాత్రి తొమ్మిదిన్నరకి క్లయింట్ కాల్, కాలిఫోర్నియాలో అప్పుడే ఉదయం తొమ్మిది. నవంబర్‌లో వాళ్లు గడియారం గంట వెనక్కి తిప్పితే మనకి పదిన్నర. ఇలా వారానికి 60 గంటలు ఇట్టే అయిపోతాయి. అప్రైజల్‌లో వాటికి విలువెంత?

[గ్రాఫ్: పైకి లేచి చదునైపోయే గీత]

మొదటి ప్రపంచ యుద్ధకాలపు బ్రిటన్ ఆయుధ కర్మాగారాల లెక్కల్ని స్టాన్‌ఫోర్డ్ ఆర్థికవేత్త జాన్ పెన్‌కావెల్ 2014లో తిరగేశారు. సుమారు 49 గంటల వరకు, గంటలు పెరిగినంతా పని పెరిగింది. ఆపైన మందగించింది. 70 గంటలు చేసినా 56 గంటలప్పటి కంటే పెద్దగా ఒరిగిందేం లేదు. కోడింగ్‌కి ఆ లెక్క అచ్చంగా అతకదు లెండి. కాకపోతే రాత్రి పదకొండుకి నిద్రమత్తులో పెట్టిన బగ్ ఎప్పుడో మూడ్రోజులకి బయటపడుతుంది. దాన్ని వెతికిన గంటలు కూడా "కష్టపడ్డాడు" ఖాతాలోకే పోతాయి!

చాలా కంపెనీల్లో ప్రమోషన్ తేలేది కాలిబ్రేషన్ మీటింగ్‌లో, అంటే మేనేజర్లు కూర్చుని అందరినీ పోల్చి చూసే మీటింగ్‌లో. అక్కడ మీరుండరు. పక్క టీముల మేనేజర్ల ముందు మీ మేనేజర్ మీ గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. "బాగా కష్టపడతాడు" అంటే అందరూ తలూపి తర్వాతి పేరుకి వెళ్తారు.

[స్క్రీన్ మీద, ఒకదాని కింద ఒకటి]
"ప్రొడక్షన్ సపోర్ట్ చేశాను."
"రాత్రి దానంతటదే నడిచే బ్యాచ్ జాబ్‌ని 4 గంటల నుంచి 50 నిమిషాలకి తెచ్చాను. పొద్దుటి రిపోర్టులు ఆలస్యం కావడం లేదు."

రెండోది మేనేజర్ నోట నిలుస్తుంది.

రెండు వారాలు ఓ పని చేయండి. గంటగంటకీ ఒక అక్షరం రాసుకోండి: కొత్త పనికి 'కొ', సపోర్ట్‌కి 'స', అప్రూవల్ కోసం ఎదురుచూపుకి 'ఎ'. సాయంత్రం ఆరు దాటాక అన్నీ 'స', 'ఎ' లే ఉంటే ఆ గంటలు కెరీర్‌కి పనికిరావు. 'ఎ' తగ్గాలంటే అప్రూవల్‌కి కావాల్సిన వివరాలన్నీ ఒకే మెయిల్‌లో, క్లయింట్ లాగిన్ కాకముందే పంపేయండి.

రిలీజ్ వారం, పాత సిస్టమ్ నుంచి కొత్తదానికి మైగ్రేషన్, కొత్త టెక్నాలజీలో మొదటి నెలలు: వీటికి ఎక్కువసేపు కూర్చోవడం దండగ కాదు, ముగిసే తేదీ ముందే తెలిస్తే. తేదీ లేకపోతే మీ అదనపు 15 గంటలు తర్వాతి స్ప్రింట్ (కొన్ని వారాల పని విడత) ప్లానింగ్‌లో మామూలు కెపాసిటీ అయి కూర్చుంటాయి. పనులు నమోదు చేసే జిరాలో 8 గంటలని రాసి 12 గంటలు పనిచేస్తే తప్పు ఎస్టిమేట్‌ని మీరే కాపాడినట్టు.

రాత్రి కాల్ ఉన్న మర్నాడు పన్నెండు దాకా క్యాలెండర్ బ్లాక్ చేయండి. నోటిమాటగా చెబితే పదింటి స్టాండప్‌ని ఎవరూ జరపరు.