మరుగోతో స్టార్టర్ రివ్యూ: యూనివర్సిటీలో జపనీస్ నేర్చుకునేవాళ్ళకి ఈ పుస్తకం సరిపోతుందా?

అందరికీ నమస్కారం. డిగ్రీలోనో ఇంజినీరింగ్‌లోనో జపనీస్ ఎలక్టివ్ తీసుకున్న పిల్లలు నన్ను మొదటి వారంలోనే అడిగే ప్రశ్న ఒకటుంది. "మేడమ్, ఏ పుస్తకం కొనాలి?" ఈ వీడియోలో ఒక పుస్తకం గురించి వివరంగా చెప్తాను. పేరు మరుగోతో. హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీలో నేను జపనీస్ చెప్తాను, క్లాసులో ఇదే వాడుతున్నాను. పుస్తకాలు నా డబ్బుతో కొనుక్కున్నవే, ఈ వీడియోకి ఎవరి స్పాన్సర్‌షిప్పూ లేదు.

ఇదిగో, కెమెరాకి దగ్గరగా పెడుతున్నాను చూడండి. స్టార్టర్ లెవెల్, అంటే ఏ1, మొట్టమొదటి స్థాయి. ఒకటి కాదు, రెండు పుస్తకాలు ఉంటాయి. ఇది కత్సుదో, ఇది రికాయ్. కత్సుదో వినడం, మాట్లాడటం మీద నడుస్తుంది. రికాయ్‌లో అక్షరాలు, వ్యాకరణం, చదవడం, రాయడం ఉంటాయి. రెండింట్లోనూ అవే 9 టాపిక్‌లు, అవే 18 పాఠాలు. తయారు చేసింది జపాన్ భాషా సంస్కృతుల్ని బయటి దేశాల్లో ప్రచారం చేసే జపాన్ ఫౌండేషన్, స్టార్టర్ వచ్చింది 2013లో. పుస్తకం పేరు కింద జపనీస్‌లో ఒక లైను ఉంది కదా, "నిహోన్ నో కొతోబా తో బుంకా" అని, అంటే జపాన్ భాష, సంస్కృతి. ఆ సంస్కృతి అనే మాట కోసమే నేను ఈ పుస్తకం ఎంచుకున్నాను.

మన కాలేజీల్లో జపాన్ సంస్కృతి అంటే ఏడాదికి ఒకరోజు చేసే ఫంక్షన్. ఒరిగామి కాగితం మడతలు, యుకాతా అనే జపాన్ దుస్తులు కట్టుకుని ఫోటోలు, ఒక పాట, కొంచెం సుషీ. అవన్నీ సరదాగానే ఉంటాయి, చేయొద్దని నేను అనను. కానీ మర్నాడు క్లాసులోకి వచ్చాక మళ్ళీ క్రియల పట్టికలే. సంస్కృతి హాల్లో, భాష క్లాసులో, ఒకదానికొకటి పరిచయమే ఉండదు. యూనివర్సిటీలో చెప్పేవాళ్ళు ముందు వదిలించుకోవాల్సిన అలవాటు ఇదేనని నా గట్టి నమ్మకం. మన దేశంలో ఈ చదువు మొదలైన తీరు చూసినా అలా విడివిడిగా లేదు. 1905లో జపాన్ నుంచి శాంతినికేతన్‌కి వచ్చిన సానో జిన్నొసుకే పిల్లలకి జూడో నేర్పాడు, జపనీస్ కూడా ఆయనే నేర్పాడు.

ఈ పుస్తకం ఆ రెండింటినీ ఎలా కలుపుతుందో ఒక పాఠంతో చూపిస్తాను. నాలుగో టాపిక్ ఇల్లు. ఏడో పాఠంలో మా ఇంట్లో ఎన్ని గదులున్నాయో చెప్పడం, ఎనిమిదో పాఠంలో ఒకరి ఇంటికి వెళ్ళి "ఈ హెయా దెసు నే", అంటే గది బాగుందండీ అనడం. వ్యాకరణం చాలా చిన్నది, పది నిమిషాల్లో అయిపోతుంది. నేను మాత్రం ఈ పాఠం మీద రెండు పూర్తి క్లాసులు పెడతాను. డయాస్ అంచుని గెంకాన్ అనుకోమంటాను. గెంకాన్ అంటే జపాన్ ఇళ్ళలో తలుపు తీయగానే ఉండే పల్లపు చోటు. చెప్పులు అక్కడే విప్పాలి, అక్కడి నుంచి మెట్టెక్కితేనే ఇంట్లోకి వచ్చినట్టు. ఒకళ్ళు ఇంటివాళ్ళు, ఒకళ్ళు అతిథి. చెప్పులు బయట విప్పడం మనవాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. కానీ విప్పిన చెప్పుల్ని వంగి, ముందు భాగం వాకిలి వైపు ఉండేలా తిప్పి పెట్టడం ఎవరికీ తట్టదు. లోపలికి అడుగు పెడుతూ "ఒజామషిమాసు" అనాలి. మీకు ఇబ్బంది కలిగిస్తున్నానండీ అని చెప్పుకుని రావడం అన్నమాట. ఇంట్లో వేసుకునే స్లిప్పర్లు తతామి చాప మీదకి రాకూడదు. టాయిలెట్‌కి వేరే స్లిప్పర్లుంటాయి, వాటిని అక్కడే వదిలేసి రావాలి.

ఇదంతా చేశాక పిల్లలు ఆ వాక్యం అనే తీరే మారిపోతుంది. అంతకుముందు పుస్తకం చదువుతున్నట్టు అన్నవాళ్ళు, ఇప్పుడు గది చుట్టూ ఒకసారి చూసి, చివర్లో "నే" కొంచెం సాగదీసి అంటారు. ఎదుటివాళ్ళు తలూపుతారు. ఆ తలూపు కూడా పాఠంలో భాగమే. ఎదుటివాళ్ళు మాట్లాడుతున్నంతసేపూ "హై", "ఏ", "సో దెసు నే" అంటూ వింటున్నామని తెలియజేయాలి, దాన్ని వాళ్ళు ఐజుచి అంటారు. మనం ఫోన్లో ఊ కొడతాం చూడండి, అలా. కత్సుదో ఆడియోల్లో ఈ ఊ కొట్టడం బాగా వినిపిస్తుంది, రాసిన డైలాగులు చదువుతున్నట్టు ఉండదు.

ఇంకో పాఠం, పన్నెండోది. "ఇష్షోని ఇకిమాసెన్ కా", కలిసి వెళ్దామా అని పిలవడం. పిలవడం అందరికీ వచ్చేస్తుంది. చిక్కంతా రాలేనని చెప్పడంలోనే. "ఆదివారం సినిమాకి వస్తావా" అని అడిగితే మా క్లాసులో ఒకబ్బాయి టక్కున "ఈయే, ఇకిమాసెన్" అన్నాడు. వ్యాకరణం పక్కా, ఎక్కడా తప్పు లేదు. కానీ అలా అంటే ఎదుటివాళ్ళ మొహం మీద తలుపేసినట్టే. జపాన్‌లో "నిచియోబి వ చోత్తో..." అని ఆగిపోతారు. ఆదివారం కొంచెం... అంతే, వాక్యం పూర్తి చెయ్యరు. అప్పుడు ఆ అబ్బాయినే అడిగాను, "మీ మేనమామ ఆదివారం భోజనానికి పిలిస్తే, వెళ్ళడం కుదరకపోతే ఏమంటావు?" అని. "ఆదివారమా మామయ్యా... చూద్దాంలే" అన్నాడు. క్లాసంతా ఒకేసారి పట్టేసింది. ఆ తర్వాత చోత్తో గురించి నేను వివరించాల్సిన పనే రాలేదు.

నా పెద్ద కంప్లయింట్ కూడా ఇక్కడే ఉంది. మన చేతికొచ్చే ఈ పుస్తకంలో సూచనలు, అర్థాలు ఇంగ్లీషులో ఉంటాయి. తెలుగు పిల్లలు జపనీస్‌ని ఇంగ్లీషు మీదుగా తిరిగి నేర్చుకోవడం శుద్ధ దండగ. "వతాషి వ హైదరాబాద్ కరా బసు దె కిమాషితా." నేను, హైదరాబాద్ నుంచి, బస్సులో, వచ్చాను. ఒక్క మాట కూడా అటూ ఇటూ జరపక్కర్లేదు. ఇంగ్లీషులోకి మార్చుకుని, మళ్ళీ తిరగేసుకునేవాళ్ళకి ఇదే వాక్యం టెన్షన్ పెడుతుంది. పై స్థాయికి వెళ్ళేకొద్దీ లాభం ఇంకా పెరుగుతుంది. తిని చూడు అనడానికి వాళ్ళూ తినడం, చూడటం అనే క్రియల్నే కలిపి "తబెతె మితె" అంటారు. వస్తానని చెప్పాడు అనేటప్పుడు మన "అని" ఉన్న చోటే వాళ్ళ "తో" ఉంటుంది. అన్నకి, తమ్ముడికి, అక్కకి, చెల్లికి వాళ్ళకీ వేరువేరు పేర్లే.

అక్షరమాల సంగతి కూడా చెప్పాలి. జపనీస్‌లో మొదట నేర్చుకునే లిపి హిరగానా, అందులో 46 మూల అక్షరాలు. వరుస అ, ఇ, ఉ, ఎ, ఒ, తర్వాత క, స, త, న, హ, మ, య, ర, వ. మన వర్ణమాల పోలిక కనిపిస్తోందా? బౌద్ధ భిక్షువులు సంస్కృత మంత్రాల కోసం "సిద్ధం" అనే పాత భారతీయ లిపి చదివారు, ఆ చదువు నుంచే జపాన్‌కి ఈ వరుస వచ్చింది. ఉచ్చారణలో "సు", "త్సు" తేడాకి ఇంగ్లీషు పుస్తకాలు చాలా తంటాలు పడతాయి. మనం చుక్క, చుట్టం అనేటప్పుడు పలికే చు ఉంది కదా, "త్సు" దాదాపు అదే. ఈ విషయాలు పుస్తకంలో ఉండవు, చెప్పే టీచరే కలపాలి. తెలుగు టీచర్ దొరకని చోట చదివేవాళ్ళు కనీసం అర్థాలైనా తెలుగులో రాసుకోండి.

మనకి కష్టమయ్యేవి వేరే ఉన్నాయి. "దెసు"లో చివరి ఉ దాదాపు వినపడదు, మనవాళ్ళు దాన్ని నిండుగా పలికేస్తారు. ఇంకొకటి, "మీరు" అనాల్సిన ప్రతిచోటా "అనాతా" వాడేయడం. టీచర్ని అనాతా అంటే మర్యాద కాదు, సెన్సే అనాలి. పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు వాళ్ళ పేరో హోదానో వాడి సర్వనామం తప్పించాలి. మరుగోతో డైలాగుల్లో ఇది సహజంగా వచ్చేస్తుంది, విడిగా నియమంలా బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

ఇక పుస్తకంలో నచ్చనివి. కత్సుదోలో కానా, అంటే హిరగానా లాంటి జపాన్ అక్షరాలతో పాటు రోమన్ అక్షరాలు కూడా ఇచ్చారు. ఎంత పట్టుదల ఉన్న పిల్లలైనా కళ్ళు వాటి మీదకే పోతాయి. మా క్లాసులో అట్టముక్క పెట్టి ఆ లైను మూసేసి చదవమంటాను. కాంజీ, అంటే చైనా నుంచి వచ్చిన అక్షరాల విషయంలో ఈ లెవెల్ చాలా నెమ్మది. జపాన్ ప్రభుత్వం రోజువారీ వాడకానికి ఇచ్చిన జొయో కాంజీ జాబితాలో 2,136 ఉన్నాయి. యూనివర్సిటీలో భాషని మేజర్‌గా చదివేవాళ్ళు ఈ వేగంతో వెళ్తే ఎక్కడికీ చేరరు. మొదటి సెమిస్టర్ నుంచే కాంజీ పుస్తకం విడిగా పెట్టుకోవాల్సిందే. పైగా రెండు పుస్తకాలు కొనాలి. ఒకటే కొనగలిగితే ఏది అని అడుగుతారు. క్లాసుకి వెళ్తుంటే కత్సుదో, ఇంట్లో ఒంటరిగా చదువుకుంటుంటే రికాయ్.

పరీక్షల సంగతి. మన దగ్గర చాలామంది జపనీస్ నేర్చుకునేది జేఎల్‌పీటీ, అంటే జపనీస్ భాషా ప్రావీణ్య పరీక్ష కోసమే. అందులో తప్పేం లేదు, సర్టిఫికెట్ చూసే ఉద్యోగం ఇస్తారు. ఆ పరీక్ష 1984లో మొదలైంది, 2010 నుంచి అన్నిటికంటే తేలికైన ఎన్5 మొదలు అన్నిటికంటే కష్టమైన ఎన్1 దాకా ఐదు స్థాయిల్లో జరుగుతోంది. ఎన్5లో 180కి 80 రావాలి, సెక్షన్లకి విడిగా కనీస మార్కులూ ఉంటాయి. కానీ ఏ స్థాయిలోనూ మాట్లాడే పరీక్ష లేదు. నోరు విప్పకుండా ఎన్3 దాటేసినవాళ్ళు ఇంటర్వ్యూలో కూర్చుని బిగుసుకుపోవడం చూస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది. అన్ని గంటలు కష్టపడి, పరిచయం చేసుకునే చోటే ఆగిపోతారు. కాబట్టి సిలబస్ తయారుచేసే లెక్చరర్లు ఎవరైనా చూస్తుంటే నా విన్నపం ఒకటే. ఇంటర్నల్ మార్కుల్లో సగమైనా మాట్లాడటానికి పెట్టండి. మరుగోతోలో ప్రతి పాఠానికీ "ఇది చేయగలను" అని విద్యార్థే తనని తాను చూసుకునే చెక్ లిస్ట్ ఉంది, మార్కులకి అదే ఆధారంగా పెట్టుకోవచ్చు. అయితే స్టార్టర్ ఒక్కటే చదివి ఎన్5కి కూర్చోకండి, చాలదు.

మిగతా పుస్తకాల గురించి రెండు ముక్కలు. మిన్నా నో నిహోంగో మన దేశంలో బాగా వాడుకలో ఉంది. మొదటి భాగంలో 25 పాఠాలు, రెండో భాగంలో 25. వ్యాకరణం కట్టుదిట్టంగా, వరుసగా వస్తుంది. కంపెనీ ఉద్యోగి మిల్లర్ సాన్‌తో, అంటే మిల్లర్ గారితో మొదలవుతుంది, ఆఫీసు వాతావరణం ఎక్కువ. ఉద్యోగం కోసం, ఎన్5, ఎన్4 తొందరగా దాటాలనుకునే ఇంజినీరింగ్ పిల్లలకి నేను దాన్నే చెప్తాను. గెంకీ కాలేజీ విద్యార్థుల కోసమే రాసింది, చాలా బాగుంటుంది, కాకపోతే ధర ఎక్కువ, వివరణంతా ఇంగ్లీషులోనే. ఇరొదోరి కూడా జపాన్ ఫౌండేషన్ వాళ్ళదే, పూర్తిగా ఉచితం, పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. జపాన్‌లో పనికి వెళ్ళేవాళ్ళకి అది బాగా పనికొస్తుంది.

తెలుగు రాష్ట్రాల్లో యూనివర్సిటీలో జపనీస్ చదవాలంటే హైదరాబాద్‌లో ఇఫ్లూ, అంటే ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ ఉంది. జపాన్ సహకారంతో క్యాంపస్ కట్టుకున్న ఐఐటీ హైదరాబాద్ కూడా ఇక్కడే, కందిలో ఉంది. డిగ్రీలో జపనీస్ మేజర్‌గా చదివేవాళ్ళు జపాన్ ప్రభుత్వం ఇచ్చే జపనీస్ స్టడీస్ స్కాలర్‌షిప్ గురించి తప్పకుండా తెలుసుకోండి. ఏడాది పాటు అక్కడి యూనివర్సిటీలో భాష, సంస్కృతి చదివి రావచ్చు. నోటిఫికేషన్ వివరాలు జపాన్ రాయబార కార్యాలయం వెబ్‌సైట్‌లో వస్తాయి.

నా తీర్పు అడిగితే, భాషని మనుషుల మధ్య వాడటం నేర్పే పుస్తకాల్లో మొదటి సంవత్సరానికి ఇంతకంటే మంచిది నేను చూడలేదు. పక్కన కాంజీ పుస్తకం, తెలుగులో వివరించే మనిషి ఉంటే ఇక దిగుల్లేదు. కొన్నవాళ్ళు ఒక పని చేయండి. ఆడియోలన్నీ మరుగోతో వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి, ముందు అవి దింపుకోండి. పాఠం తెరవకముందే ఆ ఆడియో రెండుసార్లు వినండి, పుస్తకం మూసి పెట్టి. ఎక్కడ ఎవరు నవ్వారో, ఎవరు ఆగారో, ఎవరు ఊ కొట్టారో పట్టుకోండి. అర్థం కాకపోయినా పర్లేదు, మూడోసారి పుస్తకం తెరిచి వినండి.