నాన్న పుట్టిన సంవత్సరం హాంకాంగ్ గుడిలో

హాయ్ అందరికీ! ఈ వారం అసలైతే కిరాణా షాపింగ్ వీడియో పెట్టాలి. కానీ అమ్మ "ఆ అరవై దేవుళ్ల గుడి చూపించవే" అని ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతోంది. అందుకే హాంకాంగ్‌లోని వాంగ్ తాయ్ సిన్ గుడికి వచ్చేశాం. మెట్రో దిగి పైకొస్తే గుడే.

ప్రధాన మందిరం కింద, భూగర్భంలో ఒక హాలుంది. 2011లో తెరిచారు. టికెట్ 100 హాంకాంగ్ డాలర్లు, మన డబ్బుల్లో పదకొండు వందల పైమాటే. తిరుమల మూడొందల టికెట్‌కే గొణుక్కునేదాన్ని నేను!

లోపల కెమెరా ఆపేశాను, చెబుతాను వినండి. పైకప్పంతా నక్షత్రాలు, చుట్టూ 60 విగ్రహాలు. చైనాలో పుట్టిన తావో మతంలో ఏడాదికో దేవుడు, తాయ్ సూయ్ అంటారు. అరవయ్యో ఆయన డ్యూటీ అయిపోతే మళ్లీ మొదటాయన ఎక్కుతాడు. ప్రభవ, విభవ మీకు కొత్త కాదుగా, అదే లెక్క. కాకపోతే వీళ్ల చుట్టు 1984లో మొదలైంది, మనది 1987లో. రెండిటి వెనకా గురుగ్రహమే ఉంది: దాదాపు 12 ఏళ్లకో చుట్టు, ఐదు చుట్లకు అరవై.

ఇక్కడ పుట్టిన ఏడాది దేవుడికొక దండం, ఈ ఏడాది దేవుడికొక దండం పెడతారు. నాన్న పుట్టింది 1966, పరాభవ. వీళ్లకది గుర్రం సంవత్సరం. 2026లో ఆ రెండూ మళ్లీ వచ్చాయి! అంటే నాన్న తరఫున రెండు దండాలూ ఒకే విగ్రహానికి. సొంత సంవత్సరం తిరిగొస్తే గండమని వీళ్ల భయం. మనవాళ్లైతే శాంతి చేయించి, పనిలో పనిగా మళ్లీ పెళ్లి కూడా చేసేస్తారు. నాన్న ఇప్పుడు నా పక్కన ఉంటే ఈపాటికి ఎవరో ఒకరితో పంచాంగం చర్చ పెట్టేవారు. ఒక్కదాన్నే చాలాసేపు నిలబడిపోయాను.

పైన ఆవరణలో వేరే గోల. జనం మోకాళ్ల మీద కూర్చుని పుల్లల గొట్టం ఊపుతున్నారు. వంద పుల్లల్లో ఏది కిందపడితే ఆ నంబర్ జోస్యం మీది. తావో పెద్దల్లో చువాంగ్ జు అని క్రీ.పూ. 4వ శతాబ్దపు మనిషి ఉన్నాడు. భార్య పోతే గిన్నె వాయిస్తూ పాడాడట. ఇదేంటయ్యా అంటే, "మొదట నాకూ ఏడుపొచ్చింది, ఋతువులు తిరగడం లాంటిదే కదా ఇదీ" అన్నాడట. ఆయన్ని తలుచుకునే మతం గుడిలో ప్రమోషన్ ఎప్పుడు, పెళ్లెప్పుడు అని గొట్టాల చప్పుడు!

నాన్న షష్టిపూర్తికి ఫ్లైట్ టికెట్లు చూస్తున్నాను. రేటు మాత్రం చెప్పను, అమ్మ ఈ వీడియో చూస్తుంది.