సెలైన్ చక్రం మీద చెయ్యి వేయవచ్చా? (ఆరోగ్య ఫోన్-ఇన్)

వ్యాఖ్యాత: తెనాలి నుంచి ఒక శ్రోత లైన్లో ఉన్నారు. అడగండమ్మా.

శ్రోత: నమస్కారం డాక్టరుగారూ. మా నాన్నగారికి ఆపరేషన్ అయి నాలుగు రోజులైంది. ఐసీయూలో మిషన్‌తో మందు ఎక్కించారు కానీ, వార్డులో బాటిల్‌ను స్టాండుకు తగిలించారు. నిన్న రాత్రి అది ఎంతకీ అయిపోకపోవడంతో మా తమ్ముడు గొట్టం మీది చక్రం తిప్పి వేగం పెంచితే నర్సుగారు కోప్పడ్డారు. అది అంత తప్పా?

డాక్టరు: తప్పేనమ్మా. వార్డులో పెద్దలకు వాడే సెలైన్ గొట్టం సెట్టులో సాధారణంగా 20 చుక్కలు కలిస్తే ఒక మిల్లీలీటరు అవుతుంది కనుక, 500 మిల్లీలీటర్ల బాటిల్ నాలుగు గంటల్లో వెళ్లాలంటే నిమిషానికి సుమారు 42 చుక్కలు పడాలని నర్సు లెక్క కట్టి ఆ చక్రాన్ని సరిచేసి ఉంటారు. గుండె, మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి అదే నీరు గంటలో వెళ్లిపోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం రావచ్చు. అందులో పొటాషియం కలిపి ఉంటే గుండె లయే దెబ్బతినవచ్చు.

శ్రోత: మరి మిషన్ పెడితే ఈ భయం ఉండదు కదండీ?

డాక్టరు: వేగం విషయంలో చాలావరకు ఉండదు. రక్తపోటును నిలబెట్టే నోరాడ్రినలిన్ వంటి మందును గంటకు కొద్ది మిల్లీలీటర్ల చొప్పున పంపాలి కాబట్టి సిరంజిని మెల్లగా నొక్కే మిషన్‌ను, అంటే సిరంజి పంపునే నమ్ముతాం. అయితే సూది నరం నుంచి జారి మందు చర్మం కిందికి పోతున్నా, అక్కడి కండ పెద్దగా అడ్డుపడదు కనుక, పంపు ఏ అలారమూ మోగించకుండా తోస్తూనే ఉండవచ్చు. అందుకే మిషన్ తెర కంటే రోగి చేతిని ఎక్కువగా చూడండి. వాపు, మంట, చల్లదనం కనిపిస్తే వెంటనే నర్సును పిలవండి. అలారం మోగితే దాని నోరు నొక్కి నిద్రపోయే బంధువులను నేను చాలామందినే చూశాను, దయచేసి ఆ పని చేయకండి.

శ్రోత: బాటిల్ అయిపోతే గాలి లోపలికి వెళ్లి ప్రాణం పోతుందని మా అమ్మ రాత్రంతా మేలుకొనే ఉంటోంది.

డాక్టరు: స్టాండుకు వేలాడే బాటిల్ ఖాళీ అయితే, గొట్టంలో మిగిలిన నీటి బరువు నరంలోని ఒత్తిడితో సరితూగిన చోట ప్రవాహం మామూలుగా ఆగిపోతుంది. ఆ తరువాత రక్తం గొట్టంలోకి వెనక్కి వచ్చి గడ్డకట్టి, మళ్లీ సూది గుచ్చవలసి వస్తుంది కాబట్టి, అడుగున కొంచెం ఉండగానే నర్సుకు చెప్పాలి. ఆ కాపలా పని మీ తమ్ముడికి అప్పగించి, అమ్మగారిని పడుకోమనండి.