వైద్యం బిల్లు ఎవరు కట్టాలి?

స్టూడియో చర్చ పాఠం ఇది. ఒకరి మాటకు ఒకరు అడ్డు తగిలిన చోట్ల చదవడానికి వీలుగా కొద్దిగా సర్దాం, వాదనల పదును మాత్రం తగ్గించలేదు. పాల్గొన్నవారు ముగ్గురు: వైద్య ఖర్చుల మీద పరిశోధించే ఆర్థికవేత్త, జనరల్ మెడిసిన్ వైద్యురాలు, బీమా ప్రీమియంలు లెక్కగట్టే నిపుణుడు. మూడో ఆయన అందరికన్నా తక్కువ మాట్లాడారు, కానీ చర్చ దారి మళ్ళినప్పుడల్లా కారణం ఆయనే.

సమన్వయకర్త: నమస్కారం. అందరి దగ్గరా పన్ను వసూలు చేసి అందరికీ వైద్యం అందించాలా, లేక ఎవరి వైద్యానికి వారే డబ్బు సమకూర్చుకోవాలా? ప్రొఫెసర్ గారూ, ‘ఉచిత వైద్యం’ అనే మాటనే మీరు ఒప్పుకోరు కాబట్టి మీతోనే మొదలుపెడతాను.

ఆర్థికవేత్త: ఒప్పుకోను. వైద్యుడికి జీతం ఉంది, మందుకు ధర ఉంది. ఉచితం అన్నంత మాత్రాన బిల్లు మాయం కాదు, దాని చిరునామా మారుతుంది. నా అసలు అభ్యంతరం అది కూడా కాదు. బిల్లు కంటపడనివాడు ధర అడగడు. అడిగేవాడు లేనప్పుడు అవసరమైన పరీక్షతో పాటు అక్కర్లేని పరీక్ష కూడా చీటీ మీదికి ఎక్కుతుంది. అమెరికాలో ర్యాండ్ సంస్థ 1974 నుంచి 1982 దాకా ఒక పెద్ద ప్రయోగం చేసింది. వేలమందిని లాటరీ పద్ధతిలో వేర్వేరు బీమా పథకాల్లో చేర్చింది. కొందరికి వైద్యం పూర్తిగా ఉచితం. మిగిలినవారు బిల్లులో 25 శాతం, 50 శాతం, కొందరైతే 95 శాతం దాకా చేతి నుంచి కట్టాలి, అదీ ఏడాదికి ఒక పరిమితి వరకే. 95 శాతం కట్టినవారి ఖర్చు, ఉచితంగా పొందినవారి ఖర్చు కన్నా దాదాపు 30 శాతం తగ్గింది. అయినా సగటు మనిషి ఆరోగ్యంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

వైద్యురాలు: ‘సగటు మనిషి’ అన్నారు. అక్కడే ఆగుదాం. మా ఓపీకి సగటు మనిషి రాడు. అదే ప్రయోగంలో పేదలను, ముందునుంచే జబ్బులున్నవారిని విడిగా చూస్తే, ఉచిత వైద్యం పొందినవారికి రక్తపోటు మెరుగ్గా అదుపులో ఉంది. ఇంకొక సంగతి మీరు చెప్పలేదు. డబ్బు కట్టాల్సి వచ్చినవారు అక్కర్లేని వైద్యాన్ని మానుకొని, కావలసినదాన్ని ఉంచుకోలేదు. రెండింటినీ ఇంచుమించు ఒకే పాళ్ళలో తగ్గించుకున్నారు.

ఆర్థికవేత్త: అది నిజమే.

వైద్యురాలు: ఎందుకు తగ్గించుకున్నారంటే, ఏది అవసరమో రోగికి తెలియదు. ఛాతీలో మంట గ్యాస్ వల్లనా గుండె వల్లనా అని తేల్చుకోవడానికే మా దగ్గరికి వస్తారు. ముందు తేల్చుకొని తర్వాత రండి అంటే ఎలా? కెన్నెత్ ఆరో అనే ఆర్థికవేత్త, మీ శాస్త్రంలో పెద్దాయనే, 1963లోనే ఈ మాట రాశారు. వైద్యం మామూలు సరుకు కాదు, ఎప్పుడు కావాల్సి వస్తుందో తెలియదు, అమ్మేవాడికి తెలిసినంత కొనేవాడికి తెలియదు అన్నారు.

సమన్వయకర్త: లెక్కలు చూసేవారిగా మీరు ఏమంటారు సార్?

బీమా నిపుణుడు: వీరిద్దరూ చిన్న మొత్తాల గురించి పోట్లాడుకుంటున్నారు అంటాను. అమెరికాలో ఒక ఏడాది వైద్యానికి అయ్యే ఖర్చులో దాదాపు సగం 5 శాతం మంది మీదే అవుతుంది. తక్కువ ఖర్చు చేసే సగం జనాభాకు అయ్యేది 3 శాతం దరిదాపుల్లో ఉంటుంది. ఆ 5 శాతం ఎవరు? క్యాన్సర్ రోగులు, కిడ్నీలు పాడైనవారు, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు. వీరి బిల్లు మీరు పెట్టే ఏ పరిమితినైనా తొలి రోజుల్లోనే దాటిపోతుంది. ఆ తర్వాత ధర చూసి ఎంచుకోండి అంటే అర్థం లేదు. డబ్బు ఎక్కడ పోతోందో అక్కడ రోగి బేరమాడలేడు. బేరమాడగలిగిన చోట పెద్దగా డబ్బే లేదు.

ఆర్థికవేత్త: అంటే ధరతో పని లేదంటారా?

బీమా నిపుణుడు: ఉంది. కాకపోతే బేరమాడాల్సింది రోగి కాదు. జపాన్‌లో 1961 నుంచి అందరికీ బీమా ఉంది. అక్కడ రోగి ఊరికే రాడు, మామూలుగా బిల్లులో 30 శాతం కడతాడు, నెలకు ఇంత అని పైపరిమితి ఉంటుంది. కానీ ఏ చికిత్సకు ఎంత అన్నది దేశమంతటికీ ఒకే పట్టిక. దాన్ని రెండేళ్ళకోసారి సవరిస్తారు. ఆసుపత్రితో బేరమాడే బలం ఆ పట్టికకు ఉంది, మంచం మీద ఉన్న మనిషికి లేదు.

సమన్వయకర్త: ఇప్పుడు అందరి నోటా వినిపించే ప్రశ్న. పొగ తాగి ఊపిరితిత్తులు పాడు చేసుకున్నవాడి బిల్లు నేనెందుకు కట్టాలి?

ఆర్థికవేత్త: న్యాయమైన ప్రశ్న. కారు బీమాలో ప్రమాదాలు చేసేవాడి ప్రీమియం పెరుగుతుంది, అప్పుడు ఎవరూ గోల చేయరు. ఒళ్ళు జాగ్రత్తగా చూసుకునేవాడికి, చూసుకోనివాడికి ఒకే రేటు పెడితే జాగ్రత్తపరుడికి దక్కేది ఏమిటి?

వైద్యురాలు: ఆరోగ్యం. అది చాలదా?

ఆర్థికవేత్త: చాలడం లేదనే కదా మీ వార్డులు నిండుతున్నాయి.

వైద్యురాలు: వార్డుల సంగతి చెబుతాను. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో వచ్చేవారిలో జన్మలో పొగ తాగనివారు కూడా ఉంటారు. షుగర్ వంశపారంపర్యంగా ఎంత వచ్చిందో, తిండి వల్ల ఎంత వచ్చిందో విడదీసే పరీక్ష నా దగ్గర లేదు. ఏళ్ళ తరబడి రాత్రి షిఫ్టులు చేసి నిద్ర పాడైనవాడిది నిర్లక్ష్యమా, ఉద్యోగమా? కొండలెక్కబోయి కాలు విరగ్గొట్టుకున్నవాడిని ఏమంటారు? మంచం పక్కన నిలబడి తప్పొప్పులు విచారించమంటే, మొదటగా దెబ్బతినేది నిజం. రోగి అబద్ధం చెబుతాడు. తాగనంటాడు. ఆ అబద్ధం మీద నేను మందు రాయాలి.

బీమా నిపుణుడు: డబ్బు లెక్క వేరుగా ఉంది, వింటారా? నెదర్లాండ్స్‌లో పరిశోధకులు జీవితకాలపు వైద్య ఖర్చును అంచనా కట్టి 2008లో ప్రచురించారు. పొగ తాగేవారు, ఊబకాయులు, ఈ రెండూ లేని ఆరోగ్యవంతులు అని మూడు గుంపులు. బతికినంత కాలం మీద చూస్తే అందరికన్నా ఎక్కువ ఖర్చు ఆరోగ్యవంతులది. అందరికన్నా తక్కువ పొగ తాగేవారిది.

సమన్వయకర్త: అదెలా?

బీమా నిపుణుడు: ఎక్కువ కాలం బతుకుతారు కాబట్టి. వృద్ధాప్యంలో వచ్చే జబ్బులన్నీ వారికి వస్తాయి.

ఆర్థికవేత్త: (నవ్వుతూ) అయితే సిగరెట్లకు సబ్సిడీ ఇద్దామా?

బీమా నిపుణుడు: వద్దు. నేను చెప్పేది ఒకటే. ‘వాడి వల్ల నా డబ్బు పోతోంది’ అన్న వాదన లెక్కలో నిలబడదు. ఆ కోపం నీతికి సంబంధించినది, దానికి లెక్కల చొక్కా తొడుగుతున్నాం. కోపం తప్పని అనను, చొక్కా మాత్రం విప్పేయండి.

ఆర్థికవేత్త: సరే, విప్పాను. అయినా బాధ్యత అడిగే చోటు ఒకటి ఉంది. పొగాకు కొనేటప్పుడే పన్ను వేయండి. మెక్సికో 2014 నుంచి తీపి పానీయాల మీద పన్ను వేస్తోంది, బ్రిటన్ 2018లో మొదలుపెట్టింది. కొనేవాడికి అప్పుడు ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది, మానుకునే వీలుంటుంది.

వైద్యురాలు: దానికి నా అభ్యంతరం లేదు. దుకాణం దగ్గర అడగండి, ఆసుపత్రి దగ్గర అడగకండి.

(ఇక్కడ సమన్వయకర్త ‘ఏకాభిప్రాయం’ అనబోతే ఇద్దరూ ఒకేసారి వారించారు.)

ఆర్థికవేత్త: ఏకాభిప్రాయం అప్పుడే కాదు. డాక్టరు గారు దాటవేస్తున్న సంగతి ఒకటి ఉంది. ధర తీసేస్తే దాని స్థానంలో క్యూ వచ్చి కూర్చుంటుంది. బ్రిటన్‌లో జాతీయ ఆరోగ్య సేవ 1948 జూలై 5న మొదలైంది. మూడేళ్ళు తిరక్కుండానే కళ్ళద్దాలకు, కట్టుడు పళ్ళకు రుసుము పెట్టాల్సి వచ్చింది. ఆ సేవను నిర్మించిన అనూరిన్ బెవన్ దానికి నిరసనగా 1951లో మంత్రి పదవి వదిలేశారు. 2023లో ఇంగ్లండ్‌లో ఆసుపత్రి చికిత్స కోసం ఎదురుచూస్తున్న కేసులు 70 లక్షలు దాటి ఉన్నాయి. మోకాలి ఆపరేషన్‌కు నెలల తరబడి ఆగిన మనిషి ధర కట్టలేదా? నొప్పి రూపంలో కట్టాడు. పని మానుకొని కట్టాడు.

వైద్యురాలు: ఆ క్యూను నేను సమర్థించను. నిధులు, సిబ్బంది చాలకపోతే సార్వత్రిక వైద్యం కాగితం మీదే ఉంటుంది, మా వాళ్ళే ముందు ఒప్పుకోవాలి. కానీ ఆ 70 లక్షల అంకె మీకు ఎలా తెలిసింది? వారి పేర్లు నమోదయ్యాయి కాబట్టి. డబ్బు లేక అసలు రానివాడి పేరు ఏ జాబితాలో ఉంటుంది? వాడు ఎదురుచూస్తున్నట్టు కూడా ఎవరికీ తెలియదు. క్షయ రోగి డబ్బు చాలక మందులు మధ్యలో మానేస్తే, మందులకు లొంగని క్షయగా మారి ఇంట్లోవారికీ పక్కవారికీ అంటుకుంటుంది. అది వ్యక్తిగత నిర్ణయమా?

ఆర్థికవేత్త: కాదు. అంటువ్యాధులు, టీకాలు పూర్తిగా ప్రజల ఖర్చే. ఇందులో నాకు సందేహం ఎప్పుడూ లేదు.

సమన్వయకర్త: మరి గుండెపోటు? అది అంటువ్యాధి కాదు.

బీమా నిపుణుడు: అమెరికానే చూడండి. వ్యక్తిగత బాధ్యత గురించి అంతగా మాట్లాడే దేశం కూడా 1986లో చట్టం చేసింది. అత్యవసర విభాగానికి వచ్చినవారిని, డబ్బు ఉన్నా లేకున్నా, పరీక్షించి పరిస్థితి నిలకడకు తేవాలి. ఎవరినీ గుమ్మం దగ్గర చావనివ్వం అని ఒక సమాజం నిర్ణయించుకుందంటే సగం దారి వచ్చేసినట్టే. ఇక మిగిలింది ముందే కట్టించుకోవడమా, తర్వాత వెతుక్కోవడమా అన్నదే. అందుకే 2010 చట్టంలో అందరూ బీమా తీసుకోవాలన్నారు, లేకపోతే జరిమానా అన్నారు. 2019 నుంచి ఆ జరిమానాను సున్నా చేశారు. విచిత్రం ఏమిటంటే బీమా తప్పనిసరి అన్నవారూ ‘వ్యక్తిగత బాధ్యత’ అనే అన్నారు, దాన్ని తీసేయమన్నవారూ ఆ మాటే అన్నారు.

ఆర్థికవేత్త: నేను కోరేది అమెరికా కాదు. సింగపూర్‌ను చూడండి. 1984లో మెడిసేవ్ పెట్టారు. జీతంలో కొంత ప్రతి ఉద్యోగి పేరు మీద వైద్యానికి విడిగా జమ అవుతుంది. తన డబ్బు కాబట్టి చూసి ఖర్చు పెడతాడు. చూపించండి, ఇందులో లోపం.

వైద్యురాలు: లోపం వాళ్ళే చూశారు కదా. 1990లో పెద్ద జబ్బులకు బీమా పెట్టారు, 1993లో కట్టలేనివారికి సహాయ నిధి పెట్టారు. 2015లో ఆ బీమాను అందరికీ తప్పనిసరి చేసి, ముందునుంచే జబ్బులున్నవారినీ చేర్చుకున్నారు. పొదుపు ఖాతా ఒక్కటే చాలి ఉంటే ఇవన్నీ ఎందుకు?

ఆర్థికవేత్త: ఇవన్నీ కలిపారు, నిజమే. పొదుపు ఖాతాను మాత్రం ఎత్తేయలేదు. బీమా ఉన్నవాడు కూడా మొదటి కొంత సొమ్ము తనే కట్టాలి. మీరు ఆ రెండో సగం చెప్పరు.

సమన్వయకర్త: చిన్న రుసుము పెడితే? వచ్చిన ప్రతిసారీ కొద్దిగా?

బీమా నిపుణుడు: జర్మనీ ప్రయత్నించింది. 1883 నుంచి కార్మికుల ఆరోగ్య బీమా ఉన్న దేశం అది. 2004లో మూడు నెలలకోసారి 10 యూరోలు పెట్టారు. 2013 రాగానే తీసేశారు. వసూలు, రసీదులు, మినహాయింపుల పనికి వైద్యుల సిబ్బంది విసిగిపోయారు, అనుకున్నంతగా రాకపోకలూ తగ్గలేదు. థాయిలాండ్‌లో సార్వత్రిక పథకాన్ని, వచ్చిన ప్రతిసారీ రోగి కట్టే 30 బాత్‌ల రుసుమును బట్టి, ‘30 బాత్’ అనే పిలిచేవారు, 2006లో ఆ 30 కూడా తీసేశారు. తర్వాత మినహాయింపులతో మళ్ళీ తెచ్చారు. చిన్న రుసుము మీద ప్రభుత్వాలకే నిలకడైన అభిప్రాయం లేదు.

సమన్వయకర్త: సమయం దగ్గర పడింది. ప్రొఫెసర్ గారూ, ఇంత విన్నాక రోగి చేతి నుంచి ఏమి కట్టించమంటారు?

ఆర్థికవేత్త: ముందుగా తేదీ వేసుకొని చేయించుకునే చికిత్సల్లో కొంత. ధర ముందే రాసి ఇవ్వాలి. ఏడాదికి ఆదాయంలో ఇంత శాతానికి మించి ఎవరూ కట్టకూడదు. ప్రమాదాలకు, ప్రసవాలకు, క్యాన్సర్‌కు ఏమీ వద్దు.

వైద్యురాలు: ధర రాసి ఇవ్వడం రేపటి నుంచే మొదలుపెట్టండి, నేను సంతకం చేస్తాను. ఆదాయంలో శాతం అన్నారు. ఆ ఆదాయం ఎవరు తేలుస్తారు? ఆపరేషన్‌కు ముందు రోగి ధ్రువపత్రం కోసం తిరగాలా?

ఆర్థికవేత్త: పన్ను లెక్కలు ఉంటాయి కదా.

వైద్యురాలు: పన్ను పరిధిలోకే రానివారికి? రోజుకూలీకి ఏ లెక్క ఉంటుంది?

ఆర్థికవేత్త: లెక్క లేనివారికి పరిమితి సున్నా అని రాయండి.

వైద్యురాలు: మరి కూలీ చేసే మనిషికి ఒక నెల ఎక్కువ పని దొరికిందనుకోండి, అప్పుడు…

సమన్వయకర్త: డాక్టరు గారూ, ఇక్కడ ఆపక తప్పదు. ముగ్గురికీ ధన్యవాదాలు.